దారిదొంగయు ఇంటిదొంగయు: మిడత, ముక్కుపురుగు

మన పూర్వులు పైరులకు గలుగు ఉపద్రవములకు ఈతిబాధలని పేరు పెట్టి, అవి ఆరని లెక్కించిరి. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, పొరుగురాజుల దండయాత్ర. ఇందు చివరిది నేడు లేదు. తక్కిన అయిదును మన చేలను విడువలేదు. ఈ పట్టికలో మిడతకు స్థానమున్నది, ముక్కుపురుగునకు లేదు. దీనికి కారణము ముక్కుపురుగు ఆ కాలమున లేకపోవుట గాదు. మిడత పట్టపగలు వచ్చి, అందరు చూచుచుండగా తినును. ముక్కుపురుగు లోపల దాగి తినును. కంటబడిన శత్రువును మనుష్యుడు లెక్క వ్రాసికొనును. కంటబడని దానిని మరచును. మన పెద్దలు చేసిన ఈ మరపు నేటికిని మనలో నున్నదనియు, దానివలన మన సంఘ సభ్యులకు నష్టము కలుగుచున్నదనియు నా యభిప్రాయము. ఈ రెండు పురుగులను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో మన సంఘము యొక్క సొమ్మును, శ్రమను ఎచ్చట వినియోగింపవలెనో తేటపడునని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కె.గంగవరము, కోటిపల్లి, పామర్రు, దంగేరు ప్రాంతములలో చేను వేరు, తోట వేరు అని గిరిగీసి చెప్పుటకు వీలులేదు. చేనిలో వరి, గట్టుమీద కొబ్బరి. గౌతమి కావలి ఒడ్డున కోనసీమ లోపలి గ్రామములకు పోయినచో తోటలే విస్తారముగా నుండును గాని, అచ్చటను వరియు కొబ్బరియు ఇరుగుపొరుగులే. కావున మన రైతునకు గట్టు సరిహద్దు మాత్రమే గాదు. అది ఆతని రెండవ చేను. వింత యేమనగా, నేను చెప్పబోవు శత్రువులు రెండును ఆ గట్టునందే కలిసికొనుచున్నవి. మిడత గ్రుడ్లు గట్టు మట్టిలో నుండును. ముక్కుపురుగు పిల్ల ఆ గట్టుమీది కొబ్బరిమానులో నుండును. పైన నడచుచున్న రైతునకు రెండును కనబడవు.

ముందుగా మిడతను గూర్చి చెప్పుదును. మిడతలన్నియు నొక్కటి గాదు. ఎడారిమిడత యొకటి, వరిమిడత మరియొకటి, జిల్లేడుచెట్టును తిను రంగుల మిడత వేరొకటి. ఈ భేదము తెలియకపోవుటచేత మనము ఊరక భయపడిన సందర్భమున్నది. 2020 సంవత్సరములో ఎడారిమిడతల దండు రాజస్థానము, గుజరాతు, మధ్యప్రదేశము, మహారాష్ట్రములలో ప్రవేశించి పైరులను తినుచుండగా, తెలుగుదేశమంతటను కలవరము కలిగినది. ఆ మే నెలలోనే అనంతపురము జిల్లా రాయదుర్గములో జిల్లేడుచెట్లపై గుంపుగా వాలిన మిడతలను జూచి, దండు వచ్చినదని జనులు బెదరిరి. అవి స్థానికమైన జిల్లేడుమిడతలు. వరిని గాని వేరుసెనగను గాని తుడిచిపెట్టునవి కావు. ఆ దినములలో దండు నేడో రేపో మన జిల్లాలో దిగునని చెప్పినవారి మాటలు మిడతంభొట్ల జోస్యము వంటివే యైనవి. భొట్లవారి జోస్యము అదృష్టవశమున ఫలించినది. వీరిది ఫలింపకపోవుట మన యదృష్టము.

ఎడారిమిడతను తక్కువచేసి చెప్పుట నా యుద్దేశము గాదు. దండు ఒక చదరపు కిలోమీటరు వ్యాపించినచో అందు నాలుగు కోట్లు మొదలు ఎనిమిది కోట్ల మిడతలుండును. ఒక్కొక్కటి దినమునకు తన బరువంత మేత మేయును. అంతటి చిన్న దండు ఒక దినమున తినునది 35,000 మంది మనుష్యుల యాహారముతో సమానమని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు లెక్కకట్టిరి. దండుగట్టు మిడత ఒంటరిగా నున్నప్పుడు సాధువుగా నుండి, గుంపు గూడినప్పుడు రంగును నడవడిని మార్చుకొనునని ఉవారొవ్ అను శాస్త్రజ్ఞుడు 1921లో వెల్లడించెను. అంతకు ముందు ఆ రెండును వేరువేరు జాతులని తలచెడివారు. అయితే ఆ దండు పుట్టుచోటు ఇసుక నేల, ఎడారి ప్రదేశము. మన డెల్టాలోని బంకమట్టి దానికి పుట్టినిల్లు గాదు. మన వరిని తినునది వరిమిడత. శాస్త్రజ్ఞులు దీనిని హీరోగ్లైఫస్ బనియన్ అందురు.

ఈ వరిమిడత ఆకుపచ్చగానో, కొంచెము పసుపుగానో యుండును. మెడపై నల్లని అడ్డుగీతలుండును. ఎదిగినది రమారమి రెండంగుళముల పొడవుండును. సంవత్సరమునకు ఒక్కటే తరము. సార్వా పైరు ఈనిక దశకు వచ్చు కాలమున తల్లి మిడత గట్టు మట్టిలో తోకను గ్రుచ్చి, రెండు మూడు అంగుళముల లోతున గ్రుడ్లను సంచివలె పెట్టును. ఒక్కొక్క సంచిలో ముప్పది నలుబది గ్రుడ్లుండును. అవి శీతకాలమును, దాళ్వాను, ఎండకాలమును అట్లే దాటి, తొలకరి వానలు పడినపిమ్మట పొదుగును. పిల్లలు మొదట గట్టుమీది గరికను, తుంగను తినును. పిదప చేనిలోనికి దిగును. పలుమారులు కుబుసము విడిచి రెక్కలు తెచ్చుకొనును. పిల్లయు తల్లియు చూచుటకు ఒక్కపోలికగానే యుండుటచేత రైతు దీనిని చిన్ననాడే గుర్తింపగలడు. వరి పిలకలు వేయు దశలో ఆకు కొంత పోయినను పైరు మరల ఆకు వేసి కోలుకొనును. కంకిని కొరికినచో మాత్రము ఆ నష్టము తీరదు. ఇది మిడత కథ.

ఇక ముక్కుపురుగు. ఈ పేరు వినగానే మన గృహిణులకు బియ్యపు డబ్బా జ్ఞాపకము వచ్చును. బియ్యములో దిరుగు ఆ చిన్న గోధుమరంగు పురుగు ఈ కుటుంబములోనిదే. గింజకు రంధ్రము చేసి, అందు గ్రుడ్డు పెట్టి, జిగురుతో మూసివేయును. పిల్ల గింజ లోపలనే తిని పెరిగి, పెద్ద పురుగై వెలుపలికి వచ్చును. గింజ చేతిలోనికి వచ్చువరకు అది డొల్ల యని తెలియదు. ఊకతో నున్న వడ్లకు దీని బాధ తక్కువ, దంచిన బియ్యమునకు ఎక్కువ. మన పెద్దలు పురులలోను, గాదెలలోను వడ్లనే దాచి, కావలసినప్పుడు కొంచెము కొంచెముగా దంచుకొనుటలో నున్న తెలివి యిదియే.

ఆ చిన్నపురుగునకు పెద్ద బంధువు కొబ్బరిచెట్టును పట్టు ఎర్రముక్కుపురుగు. ఇది అంగుళము మీద కొంచెము పొడవుండును. ఇటుకరంగు దేహము, వీపుపై నల్లని మచ్చలు, ముందునకు వంగిన పొడుగాటి ముక్కు. ఆ ముక్కు సూదివలె గ్రుచ్చి పీల్చునది యని పలువురు తలతురు, అట్లు గాదు. దాని కొనయందు దవడలుండును. అది కొరికి తినునది. మనదేశములో దీనిని కొబ్బరికి పట్టు పురుగుగా 1906లోనే మాక్స్‌వెల్ లెఫ్రాయి తన గ్రంథమున పేర్కొనెను. ఆ మాట వ్రాసి నూరు సంవత్సరములు దాటినను, మన తోటలలో దీనిని చూచి గుర్తుపట్టగల రైతులు తక్కువ.

తల్లిపురుగు చెట్టునకు గాయమెచ్చట నున్నదో వెదకికొని వచ్చును. మట్ట నరికిన పచ్చిగాటు, మానుకు తగిలిన పారదెబ్బ, కొమ్ముపురుగు మొవ్వులో చేసిన కన్నము, ఇవి దానికి వాకిళ్లు. అందు రెండు మూడు వందల గ్రుడ్లు పెట్టగలదు. కొద్ది దినములలో పొదిగిన పిల్లలకు కాళ్లు లేవు. తెల్లని దేహము, గోధుమరంగు తల. అవి మాను లోపలి మెత్తని భాగమును ఒకటి రెండు నెలలు తిని, పీచుతో గూడు అల్లికొని, అందు నిద్రించి, పెద్దపురుగులై బయటికి వచ్చును. కొన్ని అదే చెట్టులో మరల గ్రుడ్లు పెట్టును. ఈ పిల్లకును తల్లికిని పోలిక యేమియు లేదు. మానులో కనబడిన తెల్లని లద్దెపురుగును, తోటలో ఎగురు ఎర్రని పెంకుపురుగును వేరువేరని రైతు తలచుటలో తప్పులేదు. అయితే ఆ తెలియమియే శత్రువునకు బలము.

ఒక గట్టుమీద పండ్రెండేండ్ల కొబ్బరిచెట్టు చిన్నగాలికే మొవ్వు విరిగి పడుట నేను చూచితిని. ముందటి దింపులో దానికి గెలలు నిండుగా నుండినవి. యజమాని దృష్టిదోషమనుకొనెను. మానును చీల్చి చూడగా లోపలంతయు తొట్టివలె డొల్లయై, పీచు నలిగి, పులిసిన వాసన వచ్చుచు, వ్రేలంత లావు పురుగులు పదులకొలది కదలుచుండెను. పరికించి చూడగా మానుకు క్రిందిభాగమున రెండు రంధ్రములును, వానినుండి కారి యెండిన గోధుమరంగు జిగురును కానవచ్చెను. ఆ జిగురు కొన్ని వారములనుండి కారుచుండవలెను. ప్రతిదినము ఆ గట్టుమీద నడచినవారిలో నొక్కరును దానిని పట్టించుకొనలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడని సామెత. ఈశ్వరుని మాట యటుండ, మనము పట్టుటకు ప్రయత్నించితిమా యని నా ప్రశ్న.

ఇప్పుడు రెంటిని తూచి చూతము. మిడత తినునది ఒక ఋతువు ఆకు, మహా అయితే ఆ ఋతువు గింజ. మరుసటి యేడు చేను చేనుగానే యుండును. ముక్కుపురుగు తినునది చెట్టునే. అదియు ఎక్కువగా అయిదేండ్లు మొదలు ఇరువదియేండ్ల లోపు చెట్లను, అనగా కాపునకు వచ్చుచున్నవానిని, మంచి కాపులో నున్నవానిని. మన దేశవాళీ పొడుగురకము చెట్టు ఏడేనిమిది యేండ్లకు కాపునకు వచ్చి అరువదియేండ్లు దాటి బ్రతుకును. సంవత్సరమునకు ఎనుబది కాయల చొప్పున నలుబది యేండ్ల కాపు పోయినదనుకొన్నచో ఒక్క చెట్టుతో 3,200 కాయలు పోయినవి. ఆ స్థలమున మరల మొక్క నాటినను అది కాపునకు వచ్చుటకు ఏడేండ్లు కావలెను. మిడత చేసిన నష్టమును రైతు ఆ కోతలోనే కొలుచుకొనును. ముక్కుపురుగు చేసిన నష్టమును ఆతని కుమారుడు కొలుచుకొనవలెను.

వరిపైరు గిట్టుబాటు కాక 2011 సార్వాలో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించిన సంగతి సభ్యులకు దెలియును. చేను బీడుగా నున్న సంవత్సరమున గట్టుమీది కొబ్బరి దింపు గృహభారమును కొంత మోయును. వరికి తోడుగా నున్న ఈ రెండవ యాధారమును చాటుగా తినివేయు పురుగును చిన్నదిగా చూచుట మనకు తగదు.

ప్రపంచమందలి ప్రభుత్వములు కూడ ఈ పొరపాటునకు లోబడినవే. మిడతలదండును కనిపెట్టుటకు మనదేశములో 1939లోనే ప్రత్యేక సంస్థ నేర్పరచిరి. అది నేటికిని పనిచేయుచున్నది. ఎర్రముక్కుపురుగు సంగతి అట్లు గాదు. మన ఆసియాఖండమున కొబ్బరిని తినుచుండిన యీ పురుగు 1980 తరువాత నాటుమొక్కలతో గూడ అరబ్బు దేశముల ఖర్జూరపు తోటలకు చేరినది. 1990 తరువాతి సంవత్సరములలో ఈజిప్టును, స్పెయినును చేరినది. మొక్క లోపల దాగిన పురుగును సుంకరులు చూడలేదు, కొన్నవారు చూడలేదు. దీనిని గూర్చి ఆహార వ్యవసాయ సంస్థవారు రోమునగరమున వివిధదేశముల మంత్రులను, శాస్త్రజ్ఞులను పెద్దయెత్తున సమావేశపరచినది 2017 మార్చినెలలో. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట రాజ్యములకును తప్పలేదు. మనకు అట్లు గాకుండ చూచుకొనుట మన చేతిలోనిదే.

నా మాటకు సభ్యులు కొందరు ఆక్షేపణలు చెప్పుదురు. మొదటిది: ‘మిడత మందలుగా వచ్చును, ముక్కుపురుగు ఒకటి రెండు చెట్లనే పట్టును, దీనికై సంఘమేల?’ అని. ఒకటి రెండని మనము లెక్కించునది కూలిన చెట్లను మాత్రమే. కూలబోవు చెట్టు నిలుచున్నంతకాలము లెక్కలోనికి రాదు. పైగా కూలిన చెట్టును చీల్చి, పురుగులను చంపక, గట్టున అట్లే దొర్లించినచో, అందుండి వెలువడిన పురుగులు పొరుగుతోటకు ఎగురును. ఆ పొరుగువాడు చేసిన తప్పేమి?

రెండవ ఆక్షేపణ: ‘ఎవరి చేను వారిది, ఎవరి చెట్టు వారిది, ఎవరికి వారు మందు కొట్టుకొందురు’ అని. ఈ మాట మిడత విషయమునను చెల్లదు, ముక్కుపురుగు విషయమునను చెల్లదు. నేను నా గట్టును చెక్కి గ్రుడ్లను ఎండబెట్టితిననుకొందము. పొరుగువాని గట్టు చెక్కకున్నచో, తొలకరి తరువాత వాని గట్టున పుట్టిన మిడతలు నా చేనికి దుముకును. మిడత సరిహద్దు దస్తావేజులను చదువదు. కొబ్బరి సంగతి మరింత చిక్కు. ఒకని పెంటకుప్పలో కొమ్ముపురుగు పిల్లలు పెరుగును. పెరిగిన కొమ్ముపురుగు మరియొకని చెట్టు మొవ్వును కన్నము చేయును. ఆ కన్నమును వెదకికొని ముక్కుపురుగు వచ్చును. చెట్టు చచ్చును. చంపినది ముక్కుపురుగైనను, మొదలు పెట్టినది పెంటకుప్ప. చెట్టు యజమాని తన తోటలో నెంత జాగ్రత్తగా నున్నను, పొరుగుదొడ్డిలోని కుప్పను తానొక్కడు తిరుగవేయలేడు గదా.

మూడవది మందు మాట. వరిలో మిడత కనబడగానే చేనంతయు మందు కొట్టుట నేడు అలవాటైనది. అది మిడతతో బాటు సాలెపురుగులను, తూనీగలను, ఇతర మిత్రపురుగులను చంపును. అవి పోయినపిమ్మట సుడిదోమ విజృంభించును. మిడతకు భయపడి సుడిదోమను పిలిచినట్లగును. ముక్కుపురుగు విషయమున మందు పైపైన చల్లిన ఫలమే లేదు. శత్రువు మాను లోపలనున్నాడు. పురుగు పట్టిన చెట్టును తొలిదశలో గుర్తించినచో బ్రతికించు మార్గములు గలవు. ఏ మందు, ఎంత, ఎట్లు అనునది అంబాజీపేట ఉద్యాన పరిశోధనాస్థానము వారిని గాని, గ్రామమున నున్న వ్యవసాయ, ఉద్యానశాఖల ఉద్యోగులను గాని అడిగి చేయవలెను. దుకాణదారుడు చెప్పినది వేదము గాదు.

అయిన మన సంఘము చేయవలసిన దేమి? నా యాలోచన నొక్క మాటలో చెప్పుదును: మిడతకు చెమట, ముక్కుపురుగునకు సొమ్ము, రెంటికిని కలిసికట్టు. మిడతను జయించుటకు పెద్ద సొమ్ము అక్కరలేదు; ఒక్క వారము అందరి శ్రమ కావలెను. ముక్కుపురుగును జయించుటకు కొంత సొమ్మును, ఏడాది పొడవున కాపుదలయు కావలెను. నేడు మనము దీనికి తలక్రిందుగా, మిడతమందునకు సొమ్ము పోసి, కొబ్బరిమానును దైవమున కప్పగించుచున్నాము.

మిడత పని యిది. దాళ్వా కోతలై, కాలువలు కట్టివేసిన వేసవిలో, సార్వా ఆకుమళ్లు పోయుటకు ముందు, ఒక బోదె క్రింది చేల గట్లన్నిటిని ఒకే వారములో పారతో రెండు మూడు అంగుళముల మేర చెక్కవలెను. బయటబడిన గ్రుడ్లను ఎండ మాడ్చును. కాకులు, గోరువంకలు, కొంగలు ఏరుకొని తినును. ఖర్చులేని కూలివారు వారు. తొలకరి వానలు పడిన తరువాత రెండు మూడు వారములు గట్టుమీది గడ్డిని కనిపెట్టి యుండవలెను. రెక్కలు రాని పిల్లలు గట్టున నున్నప్పుడే వాని నణచుట సులభము. అప్పటికిని మందు అవసరమైనచో గట్టునకే పరిమితము చేయవలెను గాని చేనంతయు తడుపరాదు. ఇందొక హెచ్చరిక గలదు. గట్టు చెక్కునప్పుడు కొబ్బరిచెట్టు మొదలికి పారదెబ్బ తగులకూడదు. ఆ దెబ్బ ముక్కుపురుగునకు వాకిలి యగును. ఒక దొంగను తరుముచు మరియొక దొంగకు తలుపు తీయుట తెలివిగలవారి పని గాదు.

ముక్కుపురుగు పని నాలుగు విధములు. మొదటిది, దింపు సమయమున పరీక్ష. చెట్టుపైకి ఎక్కు దింపువాడే మన తోటలకు వైద్యుడు. మొవ్వు వాడినదా, కన్నమున్నదా, నమిలిన పీచు బయటికి వచ్చినదా యని ఆతడు చూడగలడు. క్రింది మానును యజమాని చూడవలెను. జిగురు కారుచున్న రంధ్రములున్నచో మానుకు చెవి ఆనించి వినవలెను. లోపల పురుగులు కొరుకు చప్పుడు వినబడును. ప్రతి దింపునకు అనుమానపు చెట్ల లెక్కను సంఘపు పుస్తకమున వ్రాయింపవలెను. చెట్టును చూపి చెప్పిన దింపువానికి సంఘము కొంత బహుమానమిచ్చుట న్యాయము. పచ్చిమట్టను మానుకు దగ్గరగా నరుకక, నాలుగడుగుల తొడిమ విడిచి నరుకుమని ఆతనికి చెప్పవలెను. అట్లు చేసినచో గాటునుండి పురుగు మానులోనికి చేరదు.

రెండవది, కుప్పలు, కొయ్యలు. చచ్చిన కొబ్బరిమానులు, కుళ్లిన మొద్దులు గట్లమీద నుంచరాదు. 1996 నవంబరు తుపానులో కోనసీమ తోటలు కూలిన తీరు మన పెద్దవారికి జ్ఞాపకమున్నది. అట్లు పడిన మానులు కుళ్లినచో కొమ్ముపురుగులకు పురుటిండ్లు. పెంటకుప్పలను తరచు తిరుగవేసి, పురుగులను ఏరి చంపవలెను. కొమ్ముపురుగును చంపు పచ్చబూజును కుప్పలలో కలుపు పద్ధతియు గలదు; దానిని సంఘము తెప్పించి పంచవచ్చును. చిన్నచెట్ల మొవ్వు ఆకుల సందులలో వేపపిండియు ఇసుకయు కలిపి వేయుట పాతదైనను మంచి పద్ధతి.

మూడవది, పురుగు పట్టి నయముగాని చెట్టును వెంటనే కొట్టి, చీల్చి, పురుగులను, గూళ్లను నాశనము చేయుట. బీదసభ్యునకు కొట్టు కూలి భారమైనచో సంఘము భరింపవలెను. అది దానము గాదు, పొరుగుతోటలకు బీమా.

నాల్గవది, లింగాకర్షక బుట్టలు. మగపురుగు విడుచు ఒకవిధమైన వాసనకు మగవి, ఆడవి రెండును వచ్చును. ఆ వాసనద్రవ్యము నేమని 1993లో శాస్త్రజ్ఞులు గుర్తించి ప్రకటించిరి. నేడది చిన్న సంచులలో అమ్ముచున్నారు. మూతగల బాల్టీకి ప్రక్కలను రంధ్రములు చేసి, వెలుపల గోనె చుట్టి, లోపల వాసనసంచిని వ్రేలాడదీసి, అడుగున నీరును, అరటిపండు గాని కల్లు గాని బెల్లపు మడ్డి గాని ఎరగా ఉంచుదురు. రమారమి రెండున్నర ఎకరములకు ఒక బుట్ట చాలును. ఎరను వారము పదిదినముల కొకమారు మార్చవలెను. ఇచ్చటనే సంఘము యొక్క అవసరము తేటగా కనబడును. వాసనకు వచ్చిన పురుగులన్నియు బుట్టలో పడవు. కొన్ని ప్రక్కచెట్లపై వాలును. కావున ఒక్కడే తన తోటలో బుట్ట కట్టినచో ఊరిలోని పురుగులను తన యింటికి పిలుచుకొన్నట్లగును. ఊరంతయు ఒకే దినమున, లెక్కప్రకారము, లేతచెట్లకు దూరముగా కట్టినచో ఊరికి మేలగును. ఒంటరిగా చేసిన కీడై, కలిసి చేసిన మేలగు పని యింతకంటె స్పష్టమైనది మరియొకటి నాకు దెలియదు.

డెల్టా రైతునకు కలిసి బ్రదుకుట క్రొత్తగా నేర్పవలసినది గాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి మన నీరు ఒక్కని నీరు గాదు. ఎగువవాడు తూము మూసిన దిగువవాని చేను ఎండును. వంతులు వేసికొని, కాలువలు త్రవ్వుకొని, తగవులు తీర్చుకొని మనము నీటిని పంచుకొనుచున్నాము. నీటిని పంచుకొన్న వారమే పురుగును కూడ పంచుకొనుచున్నాము. దానిని మాత్రము ఒప్పుకొనుట లేదు. పై చేనినుండి నీరు వచ్చినట్లే పై గట్టునుండి మిడత వచ్చును. పై తోటనుండి ముక్కుపురుగు వచ్చును. నీటికి వంతు ఉన్నప్పుడు పురుగునకు వంతు ఏల యుండరాదు?

రాబోవు మహాసభలో ఈ విషయము చర్చకు రావలెనని కోరుచున్నాను. మూడు తీర్మానములు చాలును. గట్లు చెక్కు వారమును బోదెలవారీగా నిర్ణయించుట. ప్రతి దింపునకు అనుమానపు చెట్ల లెక్క వ్రాయుట. సంఘము సొమ్ముతో లింగాకర్షక బుట్టలను గ్రామమంతటికి ఒకేమారు కట్టించుట. మొదటిదానికి సొమ్ము అక్కరలేదు, రెండవదానికి స్వల్పము, మూడవదానికి కొంత. ఒక ఋతువు మిడతమందునకు మనమందరము విడివిడిగా వెచ్చించు సొమ్మును ఇంటివారీగా వ్రాసికొని కూడి చూచినచో, ఈ ఖర్చు ఎంత భారమో సభ్యులే తేల్చుకొనగలరు.

ఒక యేడు గడచిన పిమ్మట లెక్కల పుస్తకము తెరచి, కూలిన చెట్లెన్ని, ముందే పట్టి బ్రతికించినవెన్ని యని చూచుకొందము. నా యభిప్రాయము తప్పైనచో ఆ లెక్కయే చెప్పును. అప్పుడు మార్చుకొనుటకు నేను సిద్ధము. అంతవరకు సభ్యసోదరులు రేపటినుండియే ఒక చిన్నపని చేయుదురు గాక. చేనికి పోవుచున్నప్పుడు గట్టుమీది మొదటి కొబ్బరిచెట్టుకడ నిలిచి, మాను చుట్టును ఒకమారు చూడుడు. జిగురు కారుచున్న రంధ్రము కనబడినచో చెవి ఆనించి వినుడు.